ఎక్స్ అనుకొనుము

ఆసుపత్రి, బట్టలుతికే విభాగం
ఆగస్టు మొదటివారం

ఏమే పిచ్చుకా,

మీ నాన్నకి చెల్లెల్ని, నీకు స్వయానా మేనత్తని, ముప్పై తొమ్మిదేళ్ళదాన్ని. అలాంటిదాన్ని పదహారేళ్ళు నిండని నిన్ను పట్టుకుని లెక్కలు చెప్పవే తల్లీ అని బతిమాలుతున్నానంటే నా పరిస్థితి ఎలా ఉందో ఊహించుకో. మీ హాస్టల్లో ఫోన్లు లాగేసుకుంటారట కదా, అందుకే ఈ కాగితం.

సంగతేమిటంటే, ఇక్కడ ఆవిరి గదిలో ఒక పోస్టు ఖాళీ అవుతోంది. ఆపరేషన్ సామాన్లని ఆవిరిపట్టి శుద్ధి చేసే గది అది. పొడి పని. నా చేతుల సంగతి నీకు తెలుసు. బట్టలుతికే సోడా నీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు పగిలిపోయాయి. తడి పని మానితే తప్ప తగ్గదని చర్మం డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఆ పోస్టుకి పదో తరగతి పాసై ఉండాలి, వయసు నలభై దాటకూడదు. మిగతా పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కాను. లెక్కలే రెండుసార్లు ముంచాయి. వచ్చే మార్చిలో నువ్వూ రాస్తున్నావు, నేనూ రాస్తున్నాను. నాకిదే ఆఖరిసారి.

మీ స్కూల్లో నువ్వు ఫస్టు బ్యాచని మీ నాన్న ఊరంతా టముకు వేస్తున్నాడు. అందుకే నిన్ను అడుగుతున్నా. పుస్తకంలో 'ఎక్స్ అనుకొనుము' అని ఉంది. సరే, అనుకున్నాను. మొదటి లెక్కలో ఒక సంఖ్యని మూడు రెట్లు చేసి ఐదు కలిపితే ఇరవై ఆరట. కిందా మీదా పడితే ఎక్స్ ఏడని తేలింది. రెండో లెక్కలో మళ్ళీ ఎక్స్ అనుకొనుము అన్నాడు. ఏడే కదా అని ఏడు వేశాను. తప్పట! ఈసారి ఎక్స్ పన్నెండట. ఒకసారి ఏడన్నాక మాట మీద నిలబడొద్దా?

వీలు చూసుకుని రాయి.

మీ అత్త


హాస్టలు, మూడో అంతస్తు
ఆగస్టు మూడోవారం

అత్తకు,

నీ ఉత్తరం అందింది. నేను క్షేమం. ఎక్స్‌ని చలరాశి అంటారు. చలరాశి అనగా విలువ మారుతూ ఉండునది. కాబట్టి ఒక లెక్కలో ఏడు, ఇంకో లెక్కలో పన్నెండు రావడంలో తప్పేమీ లేదు. ఈ నిర్వచనం రెండు మార్కులకి వస్తుంది, అక్షరం పొల్లుపోకుండా నేర్చుకో.

సమీకరణాలు చేసే పద్ధతి వెనక పేజీలో రాశాను. అర్థం కాకపోయినా ఫరవాలేదు. చూడకుండా నాలుగైదుసార్లు రాస్తే చేతికి అదే వచ్చేస్తుంది. ముందు మార్కులు, అర్థం తర్వాత అంటారు మా సారు. మాకు పదిహేను రోజులకోసారి పరీక్ష పెట్టి, మార్కులనిబట్టి బ్యాచీలు మారుస్తారు. నేను ఇంతవరకు ఫస్టు బ్యాచి నుంచి కదల్లేదు.

ఇట్లు,
నీ మేనకోడలు


ఆసుపత్రి, బట్టలుతికే విభాగం
సెప్టెంబరు

పిచ్చుకా,

'అనగా', 'ఉండునది', 'ఇట్లు'! నా మేనకోడలు రాసిందా, కోర్టు గుమాస్తా రాశాడా అని కవరు మీద పేరు మళ్ళీ చూసుకున్నాను.

నువ్వు చెప్పినట్టే ముక్కున పట్టాను. చలరాశి అనగా విలువ మారుతూ ఉండునది. బట్టలు యంత్రంలో వేస్తూ అదే జపం. అయితే ఒకటి చెప్పు. మారుతూ ఉంటుందంటావు, మళ్ళీ లెక్క చివర 'ఎక్స్ సమానం ఏడు' అని కింద రెండు గీతలు కొట్టి కూర్చోబెడతావు. మారేదైతే ఎందుకు కూర్చుంది? కూర్చునేదైతే మారుతుందని ఎందుకన్నావు?

నిన్ను తప్పు పట్టడానికి అడగడం లేదే. నిజంగానే నాకు తెలియక అడుగుతున్నా.

మీ అత్త


హాస్టలు, కిటికీ పక్క మంచం
సెప్టెంబరు ఆఖరివారం

అత్తా,

నీ ఉత్తరం చదివితే ముందు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందా అని చూసుకుంటే, నాకు జవాబు తెలియక వచ్చింది. ఈ నిర్వచనం ఎన్నిసార్లు రాశానో, ప్రతిసారీ రెండుకి రెండు మార్కులు. ఎప్పుడూ ఈ అనుమానం రాలేదు.

మా లెక్కల సారుని అడిగాను. "ఇది పరీక్షలో వస్తుందా?" అన్నారు. "రాదు సార్" అన్నాను. "మరి నీకెందుకమ్మా? కూర్చో" అన్నారు. కూర్చున్నాను గానీ మనసు కుదురుగా లేదు. భోజనాల బల్ల దగ్గర కూడా అదే ఆలోచన.

చివరికి ఇలా తోచింది. వార్డుల నుంచి మీకు మాసిన దుప్పట్లు మూటలు కట్టి పంపిస్తారు కదా. మూతి కట్టేసిన మూట. లోపల ఎన్నున్నాయో నీకు తెలియదు. అంతమాత్రాన లోపలివి పెరగవు, తరగవు. ఉన్నవి ఉన్నాయి, నీకు తెలియదంతే. ఇప్పుడు సమానమైన మూటలు మూడు, విడిగా ఐదు దుప్పట్లు, అన్నీ కలిపి ఇరవై ఆరు అనుకో. విడిగా ఉన్న ఐదూ పక్కన పెట్టు. మిగిలిన ఇరవై ఒకటీ మూడు మూటల్లో ఉండాలి. ఒక్కోదాంట్లో ఏడు. మూట విప్పకుండానే చెప్పేశాం చూడు! ఇంకో రోజు ఇంకో మూట వస్తుంది, అందులో పన్నెండు ఉండొచ్చు. దాన్నీ మూట అనే అంటావు. నిన్నటి మూటలో ఏడున్నాయి కాబట్టి ఈరోజు కూడా ఏడే ఉండాలని కొట్లాడతావా?

ఎక్స్ అంటే ఆ మూట పేరని నేననుకుంటున్నా. ఇది పుస్తకంలో లేదు, సారు చెప్పలేదు. తప్పైతే చెప్పు. ఎవరిని అడుగుతున్నానో చూడు!

పిచ్చుక


ఆసుపత్రి, బట్టలుతికే విభాగం
అక్టోబరు

ఒసేయ్ పిచ్చుకా,

మూట! ఆ ఒక్క మాట మొదటే చెప్పొచ్చు కదే. నీ ఉత్తరం చదివి పకపకా నవ్వితే ఇస్త్రీ ఆయన యంత్రం ఆపి మరీ చూశాడు. "ఏమైందమ్మా?" అన్నాడు. "ఎక్స్ దొరికింది" అన్నాను. "ఎవరిదైనా వస్తువా?" అంటాడు.

కానీ నాకొక చిక్కొచ్చింది. మా దగ్గర పిల్లల వార్డు మూటా పెద్దల వార్డు మూటా ఎప్పుడూ సమానం కావు. రెండిటినీ ఎక్స్ అంటే అన్యాయం. పిల్లల మూటని ఎక్స్ అనీ, పెద్దల మూటని ఇంకేదైనా పేరు పెట్టీ పిలవచ్చా అని నిన్ను అడుగుదామనుకుంటూ పుస్తకం నాలుగు పేజీలు తిప్పితే, అక్కడ ఎక్స్, వై అని ఉండనే ఉంది! నా ఆలోచన వాళ్ళు ముందే కొట్టేశారు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. రెండేళ్ళుగా ఆ పేజీ అంటే ఒళ్ళు జలదరించేది నాకు.

ఇంకొకటి. సమానం గుర్తు దాటగానే ప్లస్ మైనస్ అయిపోతుందని పుస్తకంలో పెద్దక్షరాలతో రాశాడు. ఎందుకయిపోతుంది? అటు వెళ్ళినవాడు ఇటు వేషం ఎందుకు మారుస్తాడు? అక్కడ ఎవరైనా పట్టుకుంటారా?

మీ అత్త


హాస్టలు, మెట్ల మీద
నవంబరు

అత్తా! అత్తా! అత్తా!

ఏదీ దాటడం లేదు! ఏదీ ఎక్కడికీ వెళ్ళడం లేదు!

చూడు. ఇటు మూడు మూటలూ ఐదు దుప్పట్లూ. అటు ఇరవై ఆరు. రెండు వైపులా సమానం. ఇటు నుంచి ఐదు తీసేశాను. సమానంగానే ఉండాలంటే అటు నుంచీ ఐదు తీసెయ్యాలి కదా. ఇటు ప్లస్ ఐదు మాయమైంది. అటు మైనస్ ఐదు కనబడింది. చూసేవాళ్ళకి ఆ ఐదు ఎగిరి అటు దూకి వేషం మార్చినట్టుంటుంది. నిజానికి ఇటు ఐదు పోయాయి, అటు ఇంకో ఐదు పోయాయి. అంతే! ఏడో తరగతి నుంచి దాటిస్తూనే ఉన్నాను అత్తా. ఎవరు దాటుతున్నారో ఒక్కసారి కూడా చూడలేదు. ఇది తెలిసినప్పుడు పుస్తకం మూసి మెట్ల మీదకి వచ్చి కూర్చున్నాను. ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే వార్డెనమ్మ జ్వరమేమో అని నుదురు పట్టుకు చూసింది.

ఇప్పుడు ప్రతిదాన్నీ తిరగేసి చూడాలనిపిస్తోంది. భిన్నాల్ని భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తలకిందులు చేస్తాం? వృత్తం వైశాల్యంలో వ్యాసార్థం రెండుసార్లు ఎందుకు వస్తుంది? నీకేమైనా తోస్తే రాయి.

అన్నట్టు, మొన్నటి పరీక్షలో ఒక్కో మెట్టూ ఎందుకో చూసుకుంటూ చేసేసరికి ఆఖరి రెండు లెక్కలకి టైము చాలలేదు. సెకండు బ్యాచిలో వేశారు. నాన్నకి చెప్పకు, ఊరికే కంగారు పడతాడు.

పిచ్చుక


ఆసుపత్రి
డిసెంబరు

అమ్మాయికి,

అంతా కులాసా. నాకు లెక్కలన్నీ బాగా అర్థమైపోయాయి. ఇక అడగాల్సిందేమీ లేదు. కాబట్టి ఉత్తరాలు రాస్తూ టైము వృథా చేసుకోకు. మీ సారు ఎలా చదవమంటే అలా చదువు. వేళకి తిను.

మీ మేనత్త


హాస్టలు, మూడో అంతస్తు
డిసెంబరు

అత్తా,

నీ ఉత్తరం ఆరు వాక్యాలు దాటలేదు. అందులో ఒక్క తిట్టు కూడా లేదు. ఒంట్లో బాగుందా?

సరే, అన్నీ అర్థమయ్యాయంటున్నావు కాబట్టి ఈ ఒక్కటి చేసి పంపు, మళ్ళీ విసిగించను. ఆడవాళ్ళ వార్డు నుంచి సమానమైన మూటలు రెండు, విడిగా ఇరవై దుప్పట్లు వచ్చాయి. అన్నీ కలిపి పన్నెండు. ఒక్కో మూటలో ఎన్ని?

పిచ్చుక


ఆసుపత్రి
జనవరి

అమ్మాయికి,

ఒక్కో మూటలోని దుప్పట్ల సంఖ్య ఎక్స్ అనుకొనుము. లెక్క ప్రకారం రెండు ఎక్స్ ప్లస్ ఇరవై సమానం పన్నెండు. ఇరవైని ఆవలి వైపునకు మార్చగా, రెండు ఎక్స్ సమానం పన్నెండు మైనస్ ఇరవై. రెండు ఎక్స్ సమానం మైనస్ ఎనిమిది. ఎక్స్ సమానం మైనస్ నాలుగు. కాబట్టి ఒక్కో మూటలో మైనస్ నాలుగు దుప్పట్లు కలవు.

సరిపోయింది కదా. ఇక చదువుకో.

మీ మేనత్త


హాస్టలు
జనవరి

అత్తా,

మైనస్ నాలుగు దుప్పట్లు 'కలవు'!

విడిగానే ఇరవై వచ్చాయన్నాను. మొత్తం కలిపి పన్నెండన్నాను. మా అత్తయితే ఆ వాక్యం దగ్గరే ఆగి, నీ బుర్ర ఏ గడ్డి మేస్తోందే అని నన్ను ఉతికి ఆరేసేది. మూట విప్పితే దుప్పట్లు రావాల్సింది పోయి మనమే నాలుగు లోపల పెట్టాలా అని అడిగేది. నువ్వు ఏమీ అడగలేదు. మక్కీకి మక్కీ దించి గీత కొట్టేశావు. ఆ దించినదాంట్లో ఒక్క తప్పు కూడా లేదు, నాకు ఏడుపొచ్చింది అందుకే.

ఏం జరిగింది? నాకు నిజం చెప్పు. మా అత్త కావాలి నాకు.

పిచ్చుక


ఆసుపత్రి, బట్టలుతికే విభాగం
జనవరి ఆఖరు

పిచ్చుకా,

దొరికిపోయాను.

మీ స్కూలువాళ్ళు మీ నాన్నకి ఫోన్ చేసి, మీ అమ్మాయి సెకండు బ్యాచికి దిగిపోయిందని చెప్పారట. మీ నాన్న నాకు చేశాడు. "నీ పరీక్ష కోసం నా పిల్ల చదువు పాడుచేస్తున్నావా? బంగారం లాంటి పిల్ల, చెప్పింది చెప్పినట్టు రాసేది. ఇప్పుడు క్లాసులో లేచి ఎందుకూ, ఏమిటీ అంటోందట. ఇంక ఉత్తరాలు కట్టిపెట్టు" అన్నాడు. మా అన్నయ్య నా మీద గొంతు పెంచడం అదే మొదలు. నాకూ నిజమేననిపించింది. నా చేతుల కోసం నీ కాళ్ళు విరగ్గొడుతున్నానేమో అని భయం వేసింది. అందుకే మళ్ళీ గైడు కొనుక్కుని, అందులో ఉన్నదున్నట్టు బట్టీ వేస్తూ, నీకు అంతా అర్థమైందని అబద్ధం రాశాను.

గైడులో ప్రతి లెక్కా చకచకా అయిపోతుంది. పేజీ తిప్పగానే ఏం చదివానో ఒక్క ముక్క గుర్తుండదు. మూటల రోజులే బాగున్నాయి. అయినా సరే, నువ్వు మాత్రం ఫస్టు బ్యాచికి వెళ్ళు. నా మాట విను.

మీ అత్త


హాస్టలు, వార్డెన్ గది పక్కన
ఫిబ్రవరి

అత్తా,

వార్డెనమ్మని అడిగి నాన్నకి ఫోన్ చేశాను. "అత్తని ఎందుకు తిట్టావు?" అన్నాను. "నీ మంచికే కదమ్మా" అన్నాడు. "నాన్నా, సమానం గుర్తు దాటితే ప్లస్ మైనస్ ఎందుకవుతుంది?" అన్నాను. "అది రూలు" అన్నాడు. "కాదు" అని మొత్తం చెప్పాను. పెన్ను తెచ్చుకుని మొదటి నుంచీ మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత, "ఇది నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. కోపంగా మాత్రం లేడు. నీకు ఫోన్ చేస్తానన్నాడు, చేశాడా?

అయితే తప్పు నాదీ ఉంది. పరీక్షలో కూర్చుని కొత్తగా అర్థం చేసుకోవడం మొదలుపెడితే ఎలా? అర్థం చేసుకోవడం ముందే అయిపోవాలి. అక్కడ రాయడమే. కాబట్టి సాయంత్రాలు ఎందుకో చూసుకుంటాను, పొద్దున టైము పెట్టుకుని రాస్తాను. నువ్వూ అలాగే చెయ్యి. గైడు అటక మీద పడెయ్యి. అన్ని పాఠాలూ ఎలాగూ అవ్వవు, ఉన్న నెలలో అయినన్ని మూట విప్పి చూద్దాం.

వారానికి రెండు ఉత్తరాలు రాస్తాను. కాదంటే ఒప్పుకోను.

పిచ్చుక


ఇల్లు
మార్చి ఆఖరు

పిచ్చుకా,

రాసేశాను. మీ నాన్నే బండి మీద తీసుకెళ్ళి హాలు గేటు దగ్గర దింపాడు. "సమాధానం రాగానే లెక్కలో పెట్టి సరిచూసుకో" అన్నాడు నాతో, తనేదో పెద్ద లెక్కల మాస్టారైనట్టు.

తండ్రీ కొడుకుల లెక్క వచ్చింది. తండ్రి కొడుకు కన్నా ముప్పై ఏళ్ళు పెద్ద. ఐదేళ్ళ క్రితం తండ్రి వయసు కొడుకు వయసుకి నాలుగు రెట్లు. ఇప్పుడు ఎవరికెన్ని? కొడుకు వయసు ఎక్స్ అనుకున్నాను. చేస్తే పదహారు మీద ఏదో ముక్క వచ్చింది. అదివరకైతే ఆ ముక్కతో సహా రాసి గీత కొట్టేదాన్ని. ఈసారి చెయ్యి ఆగిపోయింది. పరీక్ష లెక్కలో వయసుకి ముక్కలేమిటని మళ్ళీ మొదటి నుంచీ చదివాను. తీరా చూస్తే, ఐదేళ్ళు వెనక్కి తీసింది కొడుక్కి ఒక్కడికే! తండ్రి దర్జాగా ఇప్పటి వయసులోనే కూర్చున్నాడు. ఒకే ఇంట్లో ఒకరికే కాలం వెనక్కి నడుస్తుందా? తండ్రికీ ఐదు తీశాను. కొడుక్కి పదిహేను, తండ్రికి నలభై ఐదు. ఐదేళ్ళు వెనక్కి పెట్టి చూస్తే పదీ నలభై. అచ్చంగా నాలుగు రెట్లు! హాల్లో అందరూ తలలు వంచుకుని రాస్తుంటే నేనొక్కదాన్నే పళ్ళికిలించుకుని కూర్చున్నాను.

దానికి చాలా టైము పట్టింది. రేఖాగణితం ముట్టుకోకముందే గంట కొట్టేశారు. పాసవుతానో లేదో తెలియదు. భయంగానే ఉంది. కానీ ఎవరూ చెప్పకుండా నా తప్పు నేనే పట్టుకున్నాను పిచ్చుకా. ఇలా ఇదివరకెప్పుడూ జరగలేదు.

మీ అత్త


హాస్టలు
మే

అత్తా,

వేసవి క్లాసులకని ఇక్కడే ఉన్నాను కదా, ఆఫీసు గది కంప్యూటర్లో మన ఇద్దరి ఫలితాలూ చూశాను. నాకు తొంభై ఒకటి. ఫస్టు బ్యాచివాళ్ళకి ఇంకా ఎక్కువ వచ్చాయి.

పాసు ముప్పై ఐదు. నీకు ముప్పై మూడు.

ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించేశాను. తప్పు నాది. గైడు అటక మీద పడెయ్యమన్నది నేనే. బట్టీ పట్టనిచ్చి ఉంటే రేఖాగణితంలో ఒక సిద్ధాంతమైనా రాసి ఆ రెండు మార్కులూ తెచ్చుకునేదానివి. ఆవిరి గదిలో ఉండేదానివి. నాకు సరదాగా ఉందని నీ చేతులతో ఆడుకున్నాను. క్షమించు అత్తా.

పిచ్చుక


ఆసుపత్రి, మడతల బల్ల
జూన్

పిచ్చుకా,

ఏడ్చాను. అబద్ధం ఎందుకు చెప్పాలి? నీ ఉత్తరం చదివి యంత్రాల వెనక్కి వెళ్ళి బాగా ఏడ్చాను. ఆవిరి గది పోస్టు ఒక కుర్రదానికి ఇచ్చారు, మంచి పిల్ల. మళ్ళీ పరీక్ష రాసేసరికి నాకు నలభై దాటిపోతాయి. అది ఇక నాది కాదు. ఆ గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ చుట్టు తిరిగి వెళ్తున్నా.

కానీ నీ లెక్క తప్పు. ముందు దాన్ని సరిచెయ్యనీ. గైడు బట్టీ పట్టిన రెండుసార్లూ నాకొచ్చినవి పదకొండూ, పధ్నాలుగూ. ఆ సంగతి నీకు ఏనాడూ చెప్పలేదు, సిగ్గేసి. ఈసారి ముప్పై మూడు. అర్థం చేసుకున్నందుకు పోలేదే పిచ్చి మొహమా, ఆలస్యంగా మొదలుపెట్టినందుకు పోయింది. ఈ ముప్పై మూడులో ఒక్కటి కూడా అరువు తెచ్చుకున్నది కాదు. ఏ మార్కు ఎందుకొచ్చిందో లేపి అడిగినా చెప్తాను. ఇంకోసారి క్షమించమని రాశావంటే వచ్చి చెవి మెలిపెడతాను.

డాక్టరమ్మ చీటీ చూసి సూపర్‌వైజరు నన్ను మడతల బల్ల దగ్గరకి మార్చాడు. వేళ్ళు ఇంకా పూర్తిగా మానలేదు గానీ మంట తగ్గింది. పరీక్షకి మళ్ళీ కడతాను. పోస్టు లేకపోయినా కడతాను. మీ నాన్న ఎందుకమ్మా ఇంకా అంటే, ఆ రేఖాగణితంలో ఏముందో చూడకుండా ఎలా ఉంటానన్నయ్యా అన్నాను.

ఇక్కడ కూర్చున్న దగ్గర్నుంచీ ఒకటి నన్ను తినేస్తోంది. బట్టలు పిండే డ్రమ్ము నాకు ఎదురుగా ఉంది. ఇన్నేళ్ళూ దాని నోట్లో తడి దుప్పట్లు కుక్కి తలుపు వేసి వెళ్ళిపోవడమే గానీ, తిరిగేటప్పుడు నిలబడి చూసింది లేదు. ఇప్పుడు అద్దంలోంచి చూస్తున్నా. జోరుగా తిరిగేకొద్దీ దుప్పట్లన్నీ పోయి గోడకి అతుక్కుంటాయి. నడిమధ్యలో నా తల పట్టేంత ఖాళీ. ఒక్క దుప్పటి కూడా అందులోకి రాదు. ఎవరు తోస్తున్నారు వాటిని? లోపల మనిషి లేడు, గాలి లేదు. ఇస్త్రీ ఆయన్ని అడిగితే, "యంత్రం అంటే అంతేనమ్మా" అన్నాడు. అంతేనంటే ఎలా ఊరుకుంటాం?

ఇది ఏ పరీక్షలోనూ రాదు. ఎవరూ మార్కులు వెయ్యరు. తీరిగ్గా ఆలోచించి రాయి.

మీ అత్త